కౌన్సెలర్ కావాలంటే మా పిల్లలు ఏ బస్సెక్కాలె? డిగ్రీ కాలేజీల పెద్దసార్లకు ఒక కండక్టర్ లేఖ

నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాల్ సార్లకు, మేడంలకు, మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ పెద్దలకు, ఉన్నత విద్యామండలి పెద్దలకు నమస్తే.

నేను ఆర్టీసీల కండక్టర్ని. దేవరకొండ దిక్కు మాది, ఇరవై రెండేండ్ల సంది టికెట్లు కొడుతున్న. లీవ్ లెటర్ తప్ప ఇంకోటి రాసిన పాపాన పోలే ఇంతవరకు, అందుకని తప్పులుంటె మన్నించాలె, ఒక ముచ్చట చెప్పుకుంట ఇంకో ముచ్చటల పడిపోయినా మన్నించాలె. నైట్ హాల్ట్ డ్యూటీల బస్సు ఆపుకొని ఫోన్ల కొడుతున్న ఇదంత. నోటితో చెప్తే ఫోనే రాసుకుంటదంట గానీ మా యాస దానికి సమజ్ కాదు, రెండుసార్లు చెప్పి చూసి చేతితోనే మొదలు పెట్టిన.

మా బిడ్డ ఇంటర్ అయినంక "నాయినా నేను కౌన్సెలర్ అయిత" అన్నది. ఆ మాట అన్న దినం మా పెద్దన్న అక్కడే కూసున్నడు, "ఏ వార్డు నుంచి బిడ్డా, రిజర్వేషన్ మనకే వచ్చిందా" అన్నడు. ఆయన తప్పేం లేదు, మాకు తెల్సింది మున్సిపాలిటీ కౌన్సిలర్ ఒక్కడే. నెట్ సెంటర్ పిలగాన్ని అడిగితే "కౌన్సెలింగా అంకుల్, ఎంసెట్‌దా దోస్త్‌దా, డేట్లు ఇంక రాలే" అన్నడు. మా డిపోల డ్రైవర్ సోపతి అయితే "అరె, అది పోలీసోళ్లు ఇస్తరు గదనే, తాగి బండి నడిపినోళ్లను పెండ్లాంతోటి సహా కూసోబెట్టి" అని పడిపడి నవ్విండు. చూడుండ్రి సార్, ఒక్క మాటకు మా దగ్గర మూడు అర్థాలు, ఓట్లడిగేటాయన, సీట్లు పంచుడు, పోలీసు తిట్లు. మనిషి మనసుల ఏముందో కూసోని ఇనేటోళ్లు అనే నాలుగో అర్థం మా ఇంట్ల ఆ పిల్లకు ఒక్కదానికే ఎరుక.

ఆమెకు ఎట్ల ఎరుకైందంటే, గురుకులంల చదివింది, హాస్టల్‌ల ఉండి. ఫస్టియర్ మార్కులొచ్చినంక పక్క మంచం పిల్ల అన్నం తినుడు బంద్ చేసింది. ఎవరితోటి మాట్లాడది, రాత్రంత గోడ దిక్కు మర్లి పండుకుంటది గానీ కన్ను మూయదు. టీచర్లు తిట్టి చూసిండ్రు, బుజ్జగించి చూసిండ్రు. అమ్మానాయినలు పుణె దిక్కు మట్టి పనికి పోయిండ్రు, ఫోన్ చేస్తే "జర మీరే చెప్పుండ్రి మేడం దానికి" అని ఏడుస్తరు, అప్పటికప్పుడు బండెక్కి వచ్చే తాకత్ ఏడిది వాళ్లకు. ఆఖరికి ఎవరో జిల్లా నుంచి ఒక మేడంని తోల్కొచ్చిండ్రు. వచ్చి ఏం చేసిందే అని నేను అడిగిన. ఏం చెయ్యలేదంట. యాపచెట్టు కింద ఆ పిల్ల పక్కన కూసున్నదంట, గంటసేపట్ల సగం సేపు సప్పుడే లేదంట, నడుమ నడుమ ఒక్కో మాట. ఆ సాయంత్రం ఆ పిల్ల చారన్నం తిన్నది. ఆ మేడం రెండు వారాలకు మళ్ల వచ్చింది, తర్వాత ఇంకోసారి వచ్చింది. "మనమందరం దానికి మస్తు చెప్పినం నాయినా, ఆమె ఇన్నది" అని మా బిడ్డ నాతోటి అన్నది. అప్పటి సంది ఒక్కటే పాట, నేను ఆ పని చేస్త, ఏం చదవాలె, ఏడ చదవాలె.

ఏం చదవాలె అని తిరుగుడు మొదలుపెట్టినంక తెల్సింది, ఇది అడ్రస్ లేని ఊరికి టికెట్ అడిగినట్టే ఉన్నది. మా బిడ్డది బైపీసీ. ఒక లెక్చరర్ సారు నర్సింగ్ చెయ్యమన్నడు. ఇంకో సారు బీజెడ్‌సీ చేసి బీఈడీ చేస్తే టీచరై పిల్లలకు మంచి మాటలు చెప్పొచ్చు, అదీ కౌన్సెలింగే గద అన్నడు. ఒక ప్రైవేటు కాలేజీ పీఆర్వో ఇంటికే వచ్చి కూసున్నడు, బీకాం కంప్యూటర్స్‌ల చేరమని, అదెందుకయ్యా అంటే "ఏ ఫీల్డ్‌కన్న పనికొస్తది అన్నా" అన్నడు. ఆయనకు ఆ సీజన్ల అన్ని రోగాలకు అదే మందు. డిగ్రీ సీట్లిచ్చే దోస్త్ వెబ్‌సైట్ల నేను, బిడ్డ, నెట్ సెంటర్ పిలగాడు ముగ్గురం మూడు సాయంత్రాలు కూసున్నం. మా ఊరి నుంచి పొద్దున పోయి రాత్రికల్ల ఇల్లు చేరే దూరంల ఉన్న కాలేజీలన్ని ఒక్కొక్కటి తెరిచి చూసినం, బీఏల హిస్టరీ ఉంది, ఎకనామిక్స్ ఉంది, పొలిటికల్ సైన్స్ ఉంది, కంప్యూటర్ అప్లికేషన్స్ కూడ ఉంది, సైకాలజీ అన్న ముక్క మాత్రం మా కండ్లకు ఆనలే. దొరికినయన్ని హైదరాబాద్‌ల. హాస్టల్ ఖర్చు లెక్కేసుకున్నం, మా ఇంటిదాని మొకం జూసిన, ఇగ సప్పుడు చెయ్యలే.

నా బస్సుల రోజూ వచ్చే ఒక మేడం ఉన్నది, సర్కారు దవాఖానల హెచ్ఐవీ పరీక్షలు చేసే సెంటర్ల కౌన్సెలర్. నిజం చెప్పాలంటే ఆమె ఉద్యోగం పేరు కౌన్సెలర్ అని అన్నేండ్లల్ల నాకు తెల్వనే తెల్వదు, నర్సమ్మ అనుకున్న. ఆమె చెప్పినంక గానీ ఈ చదువుల లెక్క నాకు సమజ్ కాలే. నాకు సమజైంది సమజైనట్టు ఇక్కడ పెడుతున్న, ఎందుకంటే దీన్ని తెలుగుల ఒక్క కాయితం మీద రాసి మీ కాలేజీ గోడకు అంటిస్తే ఎన్నో ఇండ్లల్ల మూడు నెలల తిరుగుడు తప్పుతది.

మందులు రాసేది సైకియాట్రిస్ట్, అది డాక్టర్ చదువు, నీట్ రాసి ఎంబీబీఎస్ చేసి ఆ పైన ఎండీ చెయ్యాలె. ఆ దారి వేరే. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే మందులు రాయరు, పరీక్షలు పెడతరు, థెరపీ చేస్తరు. సైకాలజీల పీజీ చేసినంక రీహాబిలిటేషన్ కౌన్సిల్ వాళ్లు, అంటే ఆర్‌సీఐ, ఒప్పుకున్న కోర్సు చేసి వాళ్ల రిజిస్టర్ల పేరు ఎక్కించుకోవాలె, 1992ల చేసిన చట్టం ఉంది దానికి. ఇన్నేండ్లు ఆ కోర్సు రెండేండ్ల ఎంఫిల్. మొత్తం ఎంఫిల్‌నే యూనివర్సిటీలను చూసుకునే యూజీసీ 2022 రూల్స్‌తోటి తీసేసి దీనికి మాత్రం 2025-26 దాక గడువిచ్చింది, ఇప్పుడు దాని జాగల కొత్త కోర్సులు తెస్తున్నరు. ఇగ కౌన్సెలర్ అంటే సైకాలజీల పీజీ చేసి ఆ పనిల అనుభవమున్నోళ్ల చేతికింద ప్రాక్టీస్ నేర్చుకున్నోళ్లు. లేకపోతే ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్ పీజీ. దాంట్ల మెడికల్, సైకియాట్రిక్ అని ఒక స్పెషలైజేషన్ ఉంటది. మా బస్సు మేడంది అదే. ఎంఎస్‌డబ్ల్యూకు ఏ డిగ్రీ అయినా నడుస్తది, హెచ్ఐవీ సెంటర్లు, ఆపదల ఉన్న ఆడోళ్లకు సాయం చేసే సఖి సెంటర్లు, పిల్లల సంరక్షణ ఆఫీసులు, ఇసొంటి చోట్ల కౌన్సెలర్ పోస్టులకు ఎక్కువ సైకాలజీ గానీ సోషల్ వర్క్ గానీ అడుగుతరంట. ఇంకోటి కూడ చెప్పింది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల ఇంటర్ కాంగనే చేరే ఐదేండ్ల హెల్త్ సైకాలజీ కోర్సు ఉన్నది, సీయూఈటీ అనే ఎంట్రెన్స్ రాయాలె అని. ఆమె ఆ ముచ్చట చెప్పిన నాటికి ఆ ఫారం గడువు దాటి ఎన్నో దినాలైంది. ఇంటర్ కాలేజీల ఒక్క సారన్న డిసెంబర్‌ల చెప్పి ఉంటే అని ఇప్పటికీ కడుపుల మండుతది, గానీ ఆ సార్లకు కూడ చెప్పినోళ్లు లేరు, ఎవర్ని అందాం.

ఆ మేడమే మాకొక ఉపాయం చెప్పింది. దగ్గర్ల ఏ బీఏ దొరికితే ఆ బీఏ చెయ్యనీయుండ్రి, అయినంక ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీల దూరవిద్యల ఎంఏ సైకాలజీ కడదాం, దానికి ఏ డిగ్రీ అయినా సాలు, ఇంటికాడ ఉండి చదవొచ్చు అన్నది. నాకు ప్రాణం లేచొచ్చింది. బిడ్డను నల్లగొండల బీఏల చేర్పించినం, హిస్టరీ, పొలిటికల్ సైన్స్, ఇంకేదో. ఆమె ఆ బుక్కులు చదువుకుంటనే ఫోన్ల సైకాలజీ పాఠాలు ఇనుకుంట ఉన్నది. రెండు నెలలు కాలే, పేపర్ల వచ్చింది, 2025 జులై-ఆగస్టు సెషన్ సంది సైకాలజీని దూరవిద్యల, ఆన్‌లైన్‌ల చెప్పొద్దని యూజీసీ అన్నదని. 2021ల అలైడ్ హెల్త్‌కేర్ చట్టం అని ఒకటి తెచ్చిండ్రు, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నీషియన్ల తోటి పాటు సైకాలజిస్టులు, కౌన్సెలర్లు కూడ ఆ లిస్టుల ఉన్నరు, కాబట్టి ఇది ఆరోగ్యానికి సంబంధించిన చదువు, పోస్టుల చదివే చదువు కాదు అని దాని మతలబు.

నేను ఆ నిర్ణయాన్ని తప్పనను సార్. నాకు బస్సు నడుపుడు యూట్యూబ్‌ల చూసి నేర్చుకున్నోని పక్కన కూసోమంటే కూసోను, మరి పగిలిన మనిషి ఎదురుంగ కూసునేటోళ్లు కాయితాల మీద నేర్చుకొని వస్తే ఎట్ల. నేననేది ఒక్కటే, ఇన్నేండ్లు మా దిక్కు పిల్లలకు ఉన్నది ఆ ఒక్క కిటికీ. అది మూసిండ్రు. మూసినప్పుడు దగ్గర్ల దర్వాజ తెరవాలె గద. హైదరాబాద్‌ల ఉన్నోళ్లకు ఈ కిటికీ మూసినా ఏం కాదు, వాళ్ల గల్లీ చివర్ల కాలేజీ ఉంటది. ఊపిరాడంది దేవరకొండోళ్లకు, అచ్చంపేటోళ్లకు, కొడంగల్, మక్తల్, అలంపూరోళ్లకు. రెగ్యులర్‌గనే చదవాలంటున్నరు గద, మరి రెగ్యులర్ కాలేజీ మాకు ఏడుంది?

ఇంకొక ముచ్చట, ఇది మీకు నాకంటే బాగ ఎరుకుండాలె. అదే 2025 జులై 25న సుప్రీంకోర్టు చెప్పింది, విశాఖపట్నంల నీట్ కోచింగ్ తీసుకుంట చనిపోయిన ఒక పిల్ల కేసుల. నూరు మంది గానీ అంతకెక్కువ గానీ పిల్లలున్న ప్రతి విద్యాసంస్థల ఒక్కరన్న చదువుకున్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలె అని, నూరు కంటే తక్కువున్నోళ్లు బయట ఉన్న అసొంటోళ్లతోటి సంబంధం పెట్టుకోవాలె అని. అంటే మీ కాలేజీకే ఒకరు కావాలె. మీ పక్క జూనియర్ కాలేజీకి, గురుకులానికి, కోచింగ్ సెంటర్‌కు, పాలిటెక్నిక్‌కు, బీఈడీ కాలేజీకి అందరికి కావాలె. మా ఎనిమిది జిల్లాలల్ల ఇసొంటి బిల్డింగులు ఎన్ని ఉన్నయో లెక్కేసుకోండ్రి, నేను ఒక్క రూట్ల పోయేటప్పుడే కిటికీలకెళ్లి ఇరవై బోర్డులు చదువుత. అంతమంది మనుషుల్ని ఏడికెళ్లి తెస్తరు? హైదరాబాద్‌ల పెద్ద కాలేజీల చదివిన పిల్ల కొండమల్లేపల్లికి వచ్చి రూం తీసుకొని ఉంటదా? నాకు భయమేందంటే, మీరు తెయ్యరు, పీఈటీ సారుకో జువాలజీ మేడంకో ఆర్డర్ కాయితం ఇచ్చి "ఇయ్యాల్టి సంది మీరే కౌన్సెలర్ ఇంచార్జ్" అంటరు, ఇన్‌స్పెక్షన్ వస్తే ఆ కాయితం చూపెడతరు. మీ మీద కోపంతోటి అంటలేను, మా డిపోల కూడ ఇట్లనే చేస్తరు, ఫస్టెయిడ్ ఇంచార్జ్ నేనే, డబ్బల బ్యాండేజీ ఎప్పుడు అయిపోయిందో నాకే యాదిలేదు.

మన దిక్కు అవసరం హైదరాబాద్ అవసరం లెక్క ఉండది. కండక్టర్‌గ నేను చూసింది చెప్త. పాలమూరు లేబర్ అని ఒకప్పుడు దేశమంత పేరు, ఇప్పటికీ పిల్లల్ని అవ్వతాతల కాడ ఇడిసిపెట్టి బొంబాయి, పుణె బండ్లు ఎక్కేటోళ్లు ఉన్నరు, ఆ బస్టాండ్ల బండి కదిలేటప్పుడు పిల్లల మొకాలు చూడలేం. కల్తీ కల్లు ముచ్చట పాలమూరోళ్లకు యాదుండాలె, 2015ల ఒక్కసారిగ కల్తీ ఆపంగనే వణుక్కుంట, ఎవర్ని వాళ్లే గుర్తుపట్టనట్టు మాట్లాడుకుంట మనుషులు దవాఖానలకు వచ్చిండ్రు. అది నిషా రోగం, దాన్ని మాన్పియ్యాలంటే మందు ఒక్కటే సాలదు, పక్కన కూసునేటోళ్లు కావాలె. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్‌తోటి నడుములు వంగినోళ్ల కాళ్లు చేతులు చూసేటందుకు ఢిల్లీ దాక నుంచి వచ్చిండ్రు, నలభై ఏండ్లకే ముసలైనోని మనసుల ఏముందో అడిగినోడు నాకు కనపడలే. 2019 ఏప్రిల్‌ల ఇంటర్ రిజల్ట్స్ వచ్చినంక మన రాష్ట్రంల ఇరవై మందికి పైగ పిల్లలు పోయిండ్రు. అప్పటి సంది రిజల్ట్స్ వచ్చే దినం నా బస్సుల ఎవరన్న పిల్ల ఒక్కతే కూసోని కిటికీల నుంచి బయటికే చూస్తుంటె నాకు టికెట్ అడిగే ధైర్యం ఉండది, ఏ ఊరు బిడ్డా, ఎవరింటికి పోతున్నవ్ అని ఏదన్న ఒకటి మాట్లాడిస్త. 14416కు ఫోన్ చేస్తే తెలుగుల మాట్లాడుతరు, పైసలు కావు, టెలీమానస్ అని 2022 అక్టోబర్ 10 సంది నడుస్తున్నది, ఆ నంబర్ నా టికెట్ మిషన్ వెనకాల రాసి పెట్టుకున్న, మీ కాలేజీల బోర్డు మీద కూడ ఈ పూటనే రాయుండ్రి, దానికి ఏ జీవో అక్కరలేదు.

మళ్ల భాష ముచ్చట. దేవరకొండ చుట్టు తండాలే. లంబాడోళ్ల అవ్వ ఒకామె మనవరాలి గురించి చెప్పుకోవాలంటే గోర్‌బోలిల చెప్తది, తెలుగుల సగమే చెప్తది, అసలు సంగతి ఆ మిగిలిన సగంలనే ఉంటది. నల్లమలల చెంచులది ఇంకో తీరు. "డిప్రెషన్" అని అడిగితే మా ఊర్ల ఎవ్వలు అవునని అనరు, "మనసుల వట్టిగ ఉంటుందా, తిండి సయిస్తలేదా, దేనిమీద పానం పోతలేదా" అని అడగాలె. పిచ్చోళ్లు అంటే ఎర్రగడ్డ దవాఖానకు తోలాలె అని ఎగతాళి చేసే జాగల, మా పిల్లనే, మా తండా పిల్లనే, మా మాటతోటి అడిగితేనే నోరు తెరుస్తరు. ఆ తండా పిల్ల హైదరాబాద్‌ల ఇంగ్లీష్‌ల సైకాలజీ చదివేటందుకు పోలేదు. దగ్గర్ల ఉంటే నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో వస్తది.

ఎట్ల వస్తది అంటరా, నా బస్సుల వస్తది. 2023 డిసెంబర్ 9 సంది ఆడపిల్లలకు జీరో టికెట్. నేను కొట్టే టికెట్లల్ల ఎక్కువ అవే ఇప్పుడు. ఆ మొదటి ఏడాదిల నేను చూసిన మార్పు చెప్త, ఇంతకుముందు పదో తరగతి కాడనే ఆగిన ఊర్లకెళ్లి డిగ్రీ పిల్లలు ఎక్కుడు మొదలైంది, కనగల్ వచ్చేసరికి నిలబడే జాగ ఉండది, నన్ను "అంకుల్ జర జరుగుండ్రి" అంటరు, కండక్టర్నే జరుగుమంటరు. దారి ఖర్చు పోయింది సార్, ఇగ మిగిలింది కోర్సు. బస్సు ఫ్రీ చేసిండ్రు గానీ ఆ బస్సు ఆగే కాడ ఈ చదువు లేదు.

అందుకని నేనడిగేది ఇది. పాత నల్లగొండ జిల్లాల ఒకటి, పాత మహబూబ్‌నగర్ జిల్లాల ఒకటి, కనీసం రెండు సర్కారు కాలేజీలల్ల బీఏల సైకాలజీ పెట్టుండ్రి, బీఎస్సీ అయితే ఇంక మంచిది. యూనివర్సిటీల పీజీ తర్వాత సంగతి, ముందు డిగ్రీ. గానీ పేరుకు పెట్టొద్దు, అది దండం పెట్టి అడుగుత. అడ్మిషన్ల టైంకు లిస్టుల పేరు ఎక్కియ్యుడు, దసర పోయినంక గెస్ట్ లెక్చరర్‌ని పెట్టుడు, సంక్రాంతికి ఆయన వేరే ఉద్యోగం చూసుకొని పోవుడు, పరీక్షలకు నెల ముందు గైడ్ కొనుక్కోమనుడు, ఇట్లయితే అసలు పెట్టకపోవుడే నయం. సైకాలజీకి ల్యాబ్ ఉంటదంట, జ్ఞాపకశక్తి, తెలివి, గుణం కొలిచే పరీక్షలుంటయంట, అవి కొనాలె. పాఠం ఇంగ్లీష్ మీడియంలనే చెప్పండ్రి, కాదనం, పీజీకి పోతే అదే కావాలె, గానీ సమజ్ చేసేటప్పుడు మన మాటల సమజ్ చెయ్యుండ్రి, ఎందుకంటే రేపు వాళ్లు పని చేసేది మన మాటలనే. వారానికి ఒక పూట పిల్లల్ని జిల్లా దవాఖాన మానసిక విభాగానికి, సఖి సెంటర్‌కు, గురుకులాలకు పంపియ్యుండ్రి, ఊకె మూలకు కూసోని చూసినా సరే. ఇప్పుడున్న లెక్చరర్లల్ల ఇష్టమున్నోళ్లను ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమాకు పంపియ్యుండ్రి. ఏడాది కోర్సు, కొన్ని నెలలు ఇంటికాడ, కొన్ని నెలలు అక్కడికే పోయి, మళ్ల కొన్ని నెలలు ఇంటర్న్‌షిప్, టీచర్లు ఉద్యోగంల ఉండి కూడ చెయ్యొచ్చంట. జువాలజీ మేడంకు ఆర్డర్ కాయితం ఇచ్చే బదులు ఆ మేడంను మైసూర్‌ల ఉన్న ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల కాలేజీ ఆర్‌ఐఈకి పంపిస్తే ఆమెకు, పిల్లలకు ఇద్దరికి మంచిది.

ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలకు కూడ ఒక మాట. మీరు పెట్టినా మాకు సంతోషమే, గానీ ఫ్లెక్సీల మీద "సైకాలజీ చదవండి, లక్షల ప్యాకేజీ" అని మాత్రం కొట్టియ్యకుండ్రి. నేను మా బస్సు మేడంని అడిగిన, జీతం సంగతి. కాంట్రాక్టు, ఏండ్లకేండ్లు రెన్యూవల్, చేతికొచ్చేది చూస్తే నాకంటే తక్కువ. ఆ ముచ్చట బిడ్డ ముందటనే చెప్పించిన, దాచలే. బిడ్డ ఏమన్నదంటే "నీకు జీతం తక్కువుందని నువ్వు బస్సు దిగినవా" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేకుండె. మీ పిల్లలకు కూడ ఇట్లనే ఉన్నదున్నట్టు చెప్పండ్రి, మూడేండ్ల బీఏ సైకాలజీతోటి ఎవ్వలు కౌన్సెలర్ కారు, అది మొదటి మెట్టు, పైన పీజీ ఉంటది, దాని పైన చేతికింద పని నేర్చుకునుడు ఉంటది, ఐదారేండ్ల దారి అని. వాట్సాప్‌ల "మూడు నెలలల్ల సర్టిఫైడ్ కౌన్సెలర్" అని వచ్చేటియి చూస్తున్న, మా డిపోల ఒకాయన కొడుకు పైసలు కట్టి రంగుల సర్టిఫికెట్ తెచ్చుకొని ఫ్రేం కట్టిచ్చిండు. గోడ మీద మస్తు కనపడుతది.

ఇగ మా బిడ్డ సంగతి. ఆమె ఇప్పుడు ఆ బీఏనే చదువుతున్నది. దూరవిద్య దారి మూసినంక రెండు దినాలు సప్పుడు చెయ్యలే, మూడో దినం వచ్చి "ఎంఎస్‌డబ్ల్యూ చేస్త, లేదంటే పీజీ ఎంట్రెన్స్ సీపీగెట్ రాసి ఉస్మానియాల సైకాలజీకి చూస్త, ఆ రెండేండ్లు హైదరాబాద్‌ల హాస్టల్ నువ్వు భరిస్తవా" అని అడిగింది. భరిస్త అన్న. పీఎఫ్ లోన్ ముచ్చట ఆమెకు చెప్పలే, ఇక్కడ మీకు చెప్తున్న. ఆ తండా అవ్వ మనవరాలికి పీఎఫ్ ఉన్న నాయిన లేడు. ఆ పిల్ల కూడ నా బస్సులనే వస్తది, ఇంటర్ సెకండియర్, హెచ్ఈసీ. మొన్న మా బిడ్డ ఆమె పక్కన కూసోని ఫోన్ల ఏదో చూపెడుతున్నది, దిగేటప్పుడు ఆ పిల్ల నన్ను అడిగింది, "అంకుల్, సైకాలజీ నల్లగొండకు ఎప్పుడొస్తదట?" నన్నెందుకు అడిగిందో, కండక్టర్‌కు అన్ని టైంలు తెలుస్తయి అనుకున్నట్టున్నది. పెద్దసార్లను అడిగి చెప్త బిడ్డా అన్న, అందుకే ఈ లేఖ.

మీ జవాబు నాకు పోస్టుల పంపియ్యనక్కరలేదు. అడ్మిషన్లు మొదలైనప్పుడు మీ నోటీస్ బోర్డు మీద పెడితే సాలు, ఆ దినం సాయంత్రం రిటర్న్ ట్రిప్పుల పిల్లలే నాకు చెప్తరు. పొద్దున 5 గంటల 10 నిమిషాల సర్వీసు నాది, పండుకోవాలె, ఉంట.

ఇట్లు
ఒక కండక్టర్
దేవరకొండ దిక్కు